ముదిరిన మెలనోమాకు ఏ మందు ముందు, ఏది తర్వాత?

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరిందని, అంటే చర్మం దాటి ఊపిరితిత్తులకో కాలేయానికో ఇంకో చోటికో పాకిందని తేలాక, డాక్టర్ రెండు రకాల మందులున్నాయని చెప్తే ఇంట్లోవాళ్లు వెంటనే అడిగేది "రెండిట్లో ఏది మంచిది సార్?" అని. దానికంటే "ఏది ముందు మొదలుపెడితే రెండోదానికి కూడా దారి మిగులుతుంది?" అని అడిగితే మేలు. ఈ జబ్బులో అవే మందులు వరుస మార్చి ఇస్తే బతికేవాళ్ల సంఖ్య మారిపోతుందని ఇప్పుడు గట్టి రుజువులున్నాయి, మనవాళ్లకు మాత్రం ఆ సంగతి చాలావరకు చేరనే లేదు.

నేను డాక్టర్ని కాదు. అనంతపురంలో ఉంటాను. మా చిన్నాయనకు అరికాలిలో ఈ జబ్బు బయటపడ్డాక ఫైళ్లు పట్టుకుని బెంగళూరుకు తిరుగుతూ, దొరికినవన్నీ చదువుతూ, అర్థం కానివి డాక్టర్లను పదేపదే అడుగుతూ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే నిర్ణయం మీ డాక్టర్‌దే, కానీ ఆయన ఎదుట కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి.

మనవైపు చర్మ క్యాన్సర్ అంటే అది తెల్లవాళ్ల జబ్బు, ఎండ పడనివాళ్లకు వచ్చేది అనుకుంటారు. అక్కడ ఎక్కువగా కనిపించే రకానికి ఎండతో సంబంధం ఉన్నమాట నిజమే. మన దేశంలో వచ్చే మెలనోమాల్లో మాత్రం అరికాలు, అరచేయి, గోరు కింద పుట్టేవాటికి పెద్ద వాటా ఉంది, వాటికి ఎండతో పెద్దగా పనిలేదు. చేన్లో చెప్పుల్లేకుండా తిరిగే మనిషికి అరికాల్లో నల్లటి మచ్చ వస్తే ఆనెకాయ అనుకుంటారు, కంప ముల్లు లోపల విరిగి ఉంటుందనుకుంటారు. బొటనవేలి గోరు కింద నల్లగీత పడితే ఎప్పుడో రాయి తగిలిన దెబ్బ అంటారు. అది పుండై మానకపోతే ఏదో ఆకు పసరు కట్టి, ఆ తర్వాత ఆర్ఎంపీ దగ్గర కోయించుకుని, ఆ కోసిన ముక్కను పరీక్షకు పంపకుండా పారేసి, చివరికి గజ్జల్లో గడ్డ తేలాక పెద్దాస్పత్రికి వస్తారు. అందుకే మన దగ్గర ఈ జబ్బు మొదటిసారి డాక్టర్ కంటపడేసరికే చాలామందిలో ముదిరి ఉంటుంది, మందుల వరుస అనే ప్రశ్న మనకు మరీ ముఖ్యమవుతుంది.

2011 దాకా ఈ ప్రశ్నే లేదు, ఎందుకంటే వరుస పెట్టడానికి మందులే లేవు. డకార్బజీన్ అనే కీమో ఒకటి ఉండేది, అమెరికాలో దానికి 1975లో అనుమతి వచ్చింది, గడ్డలు తగ్గేది వందలో పది పదిహేను మందికి, అదీ కొన్ని నెలలు. 2011లో ఒకే ఏడాదిలో రెండు దారులు తెరుచుకున్నాయి. మార్చిలో ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందుకు, ఆగస్టులో వెమురాఫెనిబ్ అనే టార్గెటెడ్ మాత్రకు అమెరికాలో అనుమతి దొరికింది. 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వచ్చాయి. ఈ ఇమ్యూనోథెరపీకి పునాది వేసిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు.

రెండు రకాలూ పనిచేసే తీరు పూర్తిగా వేరు. కొందరి మెలనోమా కణాల్లో బీరాఫ్ అనే జన్యువులో ఒక మార్పు ఉంటుంది. కణం పెరగాలా ఆగాలా అని చెప్పే సంకేతంలో అదొక మెట్టు. అది మారితే, బోరు మోటారు స్టార్టర్ ఆన్‌లో ఇరుక్కుపోతే తొట్టి నిండినా నీళ్లు పోస్తూనే ఉన్నట్టు, కణం ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. డాబ్రాఫెనిబ్ లాంటి టార్గెటెడ్ మాత్ర బీరాఫ్‌ను ఆపుతుంది, ట్రామెటినిబ్ దాని కింది మెట్టు అయిన మెక్‌ను ఆపుతుంది, అందుకే రెండూ కలిపి ఇస్తారు. ఇంట్లోనే వేసుకోవచ్చు, డ్రిప్ పెట్టించుకునే పని లేదు. పనిచేస్తే చాలా త్వరగా, కొన్నిసార్లు రోజుల్లోనే, నొప్పి తగ్గడం, గడ్డ మెత్తబడటం తెలుస్తుంది. ఈ మాత్రల మొదటి పెద్ద ట్రయల్స్‌లో బీరాఫ్ మార్పు ఉన్నవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందికి గడ్డలు బాగా తగ్గాయి.

ఇమ్యూనోథెరపీ క్యాన్సర్ కణాన్ని నేరుగా తాకదు. మన రక్తంలో రోగాలతో పోరాడే టీ-కణాలను క్యాన్సర్ నిద్రపుచ్చి ఉంచుతుంది, ఈ మందులు ఆ నిద్రను వదిలిస్తాయి. ఇపిలిముమాబ్ సీటీఎల్ఏ-4 అనే పగ్గాన్ని, నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ పీడీ-1 అనే ఇంకో పగ్గాన్ని వదులు చేస్తాయి. డ్రిప్‌లో ఎక్కిస్తారు, రెండు నుంచి ఆరు వారాలకొకసారి, మందును బట్టి. ఫలితం తెలియడానికి వారాలు, నెలలు పట్టొచ్చు, కొందరికి అసలు పనిచేయదు. కానీ పనిచేసినవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి నిలుస్తుంది. 945 మందితో జరిగిన చెక్‌మేట్ 067 ట్రయల్‌లో పదేళ్ల తర్వాత చూస్తే, రెండు ఇమ్యూనోథెరపీ మందులూ కలిపి తీసుకున్నవాళ్లలో 43 శాతం, నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 37 శాతం, ఇపిలిముమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 19 శాతం మంది బతికే ఉన్నారు. డకార్బజీన్ రోజుల్లో ముదిరిన మెలనోమా వచ్చిన మనిషి ఏడాది గడపడమే కష్టంగా ఉండేది, ఆ లెక్కన ఈ అంకెలు ఎంత పెద్దవో ఆలోచించండి.

ఇప్పుడు అసలు చిక్కు. బీరాఫ్ మార్పు ఉందని రిపోర్టు వచ్చిన మనిషికి రెండు దారులూ తెరిచే ఉంటాయి. ఇంట్లోవాళ్ల మనసు సహజంగానే మాత్ర వైపు లాగుతుంది. త్వరగా పనిచేస్తుందంటున్నారు, జన్యువును చూసి ఇచ్చే మందంటున్నారు, కర్నూలు నుంచి హైదరాబాద్‌కో కడప నుంచి తిరుపతికో అనంతపురం నుంచి బెంగళూరుకో మూడు వారాలకొకసారి తిరగాల్సిన పని తప్పుతుంది, ఇక ఆలోచించేదేముంది అనిపిస్తుంది. చాలాకాలం డాక్టర్లలో కూడా ఇదే వాదన నడిచింది. ముందు మాత్రతో గడ్డను దించి, అది పనిచేయడం మానేశాక ఇమ్యూనోథెరపీకి పోదాం, రెండూ వాడినట్టవుతుంది కదా అని.

దీన్ని నేరుగా తేల్చడానికి అమెరికాలో డ్రీమ్‌సీక్ అనే ట్రయల్ చేశారు. బీరాఫ్ మార్పు ఉన్న 265 మందిని రెండు గుంపులు చేసి, సగం మందికి నివోలుమాబ్, ఇపిలిముమాబ్ ముందు ఇచ్చి జబ్బు పెరిగితే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్‌కు మార్చారు, మిగతా సగానికి సరిగ్గా తలకిందులుగా చేశారు. మందులు అవే నాలుగు, వరుస ఒక్కటే తేడా. రెండేళ్లకు ఇమ్యూనోథెరపీతో మొదలుపెట్టిన గుంపులో 71.8 శాతం మంది బతికి ఉంటే, మాత్రలతో మొదలుపెట్టిన గుంపులో 51.5 శాతం మంది ఉన్నారు. వందలో ఇరవై మంది తేడా. అనుకున్న సంఖ్య నిండకముందే 2021లో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేసి ఫలితాలు బయటపెట్టారు.

ఈ ట్రయల్ గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా ఆ రెండు అంకెల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం దాని లోపలి సంగతులే ఎక్కువ ముఖ్యమనిపిస్తాయి. మొదటిది, మొదటి మందుకు గడ్డలు తగ్గినవాళ్ల శాతం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే, 46, 43. అంటే మొదట్లో చూస్తే ఏ తేడా కనపడదు. తేడా అంతా ఆ ఫలితం ఎంతకాలం నిలిచిందన్నదాంట్లో ఉంది, మాత్రతో తగ్గినవాళ్లలో సగం మందికి ఏడాది తిరిగే ప్రాంతంలో జబ్బు మళ్లీ లేచింది, ఇమ్యూనోథెరపీతో తగ్గినవాళ్లలో ఎక్కువమందికి తగ్గినట్టే ఉండిపోయింది. రెండోది, మొదటి నెలల్లో మాత్రల గుంపే కాస్త మెరుగ్గా కనిపించింది, పది నెలల ప్రాంతంలో గ్రాఫులో రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటాయి. ఇంట్లో మనిషి మాత్ర వేసుకున్న నెలకే లేచి తిరుగుతుంటే అదే సరైన దారి అని అందరూ అనుకోవడంలో తప్పేమీ లేదు, కానీ ఆ గీతలు తర్వాత ఎటు పోతాయో ఆరోజు ఎవరికీ కనిపించదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. జబ్బు పెరిగి రెండో మందుకు మారినవాళ్లలో ఏం జరిగిందో చూడండి. ముందు ఇమ్యూనోథెరపీ తీసుకుని, తర్వాత మాత్రలకు వచ్చినవాళ్లలో 47.8 శాతం మందికి మాత్రలు పనిచేశాయి, అంటే మొదట్లోనే ఇచ్చినట్టే. మాత్రలు ముందు వాడి తర్వాత ఇమ్యూనోథెరపీకి వచ్చినవాళ్లలో 29.6 శాతం మందికే అది పనిచేసింది. ఇమ్యూనోథెరపీ ముందు వాడితే మాత్రల బలం తగ్గడం లేదు, మాత్రలు ముందు వాడితే ఇమ్యూనోథెరపీ బలం తగ్గుతోంది. వెనక ఎప్పుడైనా వాడుకోవచ్చని దాచిపెట్టుకోగలిగేది మాత్రే.

ఎందుకిలా? మాత్రలకు లొంగని కణాలు మిగిలి పెరిగేటప్పుడు, ఆ గడ్డ చుట్టూ టీ-కణాలు తగ్గిపోతాయని, వాటికి శత్రువును చూపించే కణాలు కూడా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. నిద్ర లేపుదామంటే లేవాల్సినవాళ్లే అక్కడ ఉండరు. ఇంకో కారణం మరీ నేల మీదిది, మాత్రలు పనిచేయడం మానేశాక మెలనోమా చాలామందిలో వేగంగా లేస్తుంది, మెదడుకు పాకుతుంది, రెండో మందు మొదలుపెట్టి అది పనిచేసేదాకా ఆగే ఓపిక ఒంట్లో ఉండదు. కాగితం మీద "తర్వాత ఇమ్యూనోథెరపీ" అని రాసుకున్నవాళ్లలో అందరూ ఆ తర్వాతకు చేరరు.

ఇటలీ వాళ్ల నాయకత్వంలో జరిగిన సెకాంబిట్ ట్రయల్ (209 మంది, ఎంకోరాఫెనిబ్, బినిమెటినిబ్ మాత్రలతో) కూడా ఇటే చూపింది. అందులో మూడో గుంపు ఒకటి ఉంది, జబ్బు పెరిగేదాకా ఆగకుండా ఎనిమిది వారాలు మాత్రలిచ్చి వెంటనే ఇమ్యూనోథెరపీకి మార్చారు. మూడేళ్లకు బతికి ఉన్నవాళ్లు మాత్రలు ముందు వాడిన గుంపులో 54 శాతం, ఇమ్యూనోథెరపీ ముందు వాడిన గుంపులో 62, ఈ మూడో గుంపులో 60. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

మరి మాత్రతో మొదలుపెట్టడం ఎప్పుడూ తప్పేనా? కాదు. డ్రీమ్‌సీక్‌లో చేర్చుకున్నది లేచి తిరగగలిగే మనుషులనే. మంచం మీద నుంచి లేవలేని మనిషి, కాలేయం నిండా గడ్డలుండి కామెర్లు ఎక్కుతున్న మనిషి, మెదడులో గడ్డ వల్ల ఫిట్స్ వస్తూ ఎక్కువ డోసు స్టెరాయిడ్ల మీద ఉన్న మనిషి ఇమ్యూనోథెరపీ పనిచేసేదాకా ఆగలేడు. బీరాఫ్ మార్పు ఉంటే ఇలాంటివాళ్లకు మాత్రే ముందు, అది ప్రాణం నిలబెడుతుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఇమ్యూనోథెరపీ ఇస్తే శరీరం ఆ కిడ్నీని తిప్పికొట్టే ప్రమాదం ఉంది. తీవ్రమైన ఆటోఇమ్యూన్ జబ్బులు (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే పడేవి) ఉన్నవాళ్ల దగ్గర కూడా డాక్టర్లు ఆచితూచి అడుగేస్తారు. ఇలాంటి కారణంతో మాత్ర మొదలుపెడితే ఆ రోజే అడగండి: "మనిషి కోలుకున్నాక, మాత్ర ఇంకా పనిచేస్తుండగానే ఇమ్యూనోథెరపీకి మారుదామా సార్?" అని. సెకాంబిట్ మూడో గుంపు ఆ ప్రశ్నకు బలమిస్తుంది.

ఇక మనకు సంబంధించిన పెద్ద మెలిక. ఈ ట్రయల్స్ బీరాఫ్ మార్పు ఉన్నవాళ్లతో, ఎక్కువగా తెల్లవాళ్లతో చేసినవి. వాళ్లలో దాదాపు సగం మెలనోమాల్లో ఆ మార్పు ఉంటుంది. అరికాలు, గోరు కింద వచ్చే రకంలో అది చాలా తక్కువమందిలోనే ఉంటుంది. అంటే మన మనుషుల్లో చాలామందికి బీరాఫ్ మాత్రల దారి అసలు లేదు, బీరాఫ్ మార్పు లేనివాళ్లకు ఆ మాత్రలు ఇస్తే మేలు జరగకపోగా కీడు జరగొచ్చు. కాబట్టి పరీక్ష చేయకుండా ఆ మాత్ర ఒక్కటి కూడా మింగకూడదు. ఈ రకంలో ఇమ్యూనోథెరపీ పనిచేసే శాతం కూడా ఎండ వల్ల వచ్చే రకం కంటే తక్కువే, దాచిపెట్టి లాభం లేదు. ఎండ దెబ్బ తిన్న కణాల్లో జన్యుమార్పులు లెక్కలేనన్ని ఉంటాయి, టీ-కణాలు వాటిని పరాయివని సులభంగా గుర్తుపడతాయి, అరికాలి రకంలో అలాంటివి తక్కువ. అయినా మొదటి ఎంపికగా దానికంటే మెరుగైనది ఇప్పటికి లేదు.

అరికాలి రకంలో ఇంకో జన్యువు చూడాలి, కిట్. అందులో మార్పు ఉన్నది కొద్దిమందిలోనే, కానీ ఉంటే ఇమాటినిబ్ పనిచేసే అవకాశం ఉంది. ఇమాటినిబ్ అంటే రక్త క్యాన్సర్‌కు ఏళ్లుగా వాడుతున్న మాత్ర. 2013లో మన సుప్రీంకోర్టు గ్లివెక్ పేటెంట్ కేసులో కంపెనీ వాదనను కొట్టేశాక ఇక్కడి కంపెనీలు చేసే జెనరిక్ నిశ్చింతగా దొరుకుతోంది, ధర సామాన్యుడు కొనగలిగే స్థాయిలో ఉంది. మొదట ఇమ్యూనోథెరపీ, అది పనిచేయకపోతే కిట్ మార్పు ఉన్నవాళ్లకు ఇమాటినిబ్ అన్న వరుస మామూలుగా పాటిస్తారు. "బీరాఫ్ నెగెటివ్" అని రిపోర్టు వచ్చి, కిట్ పరీక్ష ఎవరూ రాయక, ఆ దారి ఉందనే తెలియకుండా పోయినవాళ్లు ఉన్నారు. బీరాఫ్, కిట్, ఎన్‌రాస్ అనే ఇంకో జన్యువు, మూడూ కలిపి పరీక్ష చేయమని ముందే అడగండి. బయాప్సీ తర్వాత బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో పెట్టినవి), స్లైడ్లు జాగ్రత్తగా దాచుకోండి. పరీక్ష వాటి మీదే చేస్తారు, అవి పోతే మళ్లీ గుచ్చాలి. మా ఇంట్లో ఒక ల్యాబ్ బ్లాకు ఎక్కడ పెట్టిందో వెతుక్కోవడంలోనే విలువైన రోజులు పోయాయి, ఆ టెన్షన్ మీకొద్దు.

ఇమ్యూనోథెరపీ ఒక మందా, రెండు మందులా అన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపితే ఫలితం ఎక్కువ, తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా సగానికి పైగా మందిలో వస్తాయి, ఒక్క నివోలుమాబ్‌తో అవి ఐదుగురిలో ఒకరికి వస్తాయి. మెదడుకు పాకినవాళ్లలో, రక్త పరీక్షలో చూసే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ బాగా పెరిగినవాళ్లలో డాక్టర్లు రెండు మందుల వైపు మొగ్గుతారు. డబ్బు మాట ఎత్తకుండా మన దగ్గర ఈ చర్చ పూర్తి కాదు. ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ కొత్త మందుల్లో ఏది వస్తుంది, ఏ ఆస్పత్రిలో చెల్లుతుంది అన్నది మొదలుపెట్టకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. కొన్ని డోసులు కొంటే మిగతావి ఉచితంగా ఇచ్చే కంపెనీ స్కీములుంటాయి, వాటి కాగితాలు డాక్టర్ దగ్గరే నింపాలి. తక్కువ డోసు నివోలుమాబ్ గురించి కూడా వినే ఉంటారు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే ఇచ్చి మంచి ఫలితం చూపారు, అయితే అది తల, మెడ క్యాన్సర్లలో, వేరే మాత్రలతో కలిపి చేసింది. మెలనోమాలో అంతే పనిచేస్తుందని ఆ ట్రయల్ చెప్పదు. డబ్బుల్లేక మందు మానేయడం కంటే మేలు కావచ్చు, కానీ దాన్ని సరిసమానమని అనుకోవద్దు.

వరుస ప్రశ్న ఆపరేషన్ దగ్గర కూడా వస్తుంది. గజ్జల్లో గడ్డ ఒక్కటే ఉండి, కోసి తీసేయగలిగేలా ఉంటే, వెంటనే కోయించేద్దామని అందరికీ తొందర. 313 మందితో జరిగిన ఎస్1801 ట్రయల్‌లో ఒక గుంపుకు ఆపరేషన్ చేసి ఆ తర్వాత పెంబ్రోలిజుమాబ్ 18 డోసులిచ్చారు, ఇంకో గుంపుకు మూడు డోసులు ముందిచ్చి, కోసి, మిగతా 15 తర్వాత ఇచ్చారు. రెండేళ్లకు జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 49 శాతం, రెండో గుంపులో 72. గడ్డ ఒంట్లో ఉండగా మందు ఇస్తే టీ-కణాలు దాన్ని చూసి నేర్చుకుంటాయి, తీసేశాక నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాబట్టి సర్జన్ తేదీ ఇవ్వకముందే మెడికల్ ఆంకాలజిస్టును, అంటే క్యాన్సర్‌కు మందులిచ్చే డాక్టర్‌ను, ఒకసారి కలవండి. కర్నూలులోనో కడపలోనో సర్జరీ అయిపోయాక పెద్ద ఊరికి పోదామనుకుంటే ఆ అవకాశం దాటిపోతుంది.

మొదలుపెట్టేముందు టీబీ, హెపటైటిస్ బీ పరీక్షలు చేయించారో లేదో అడగండి, మన దగ్గర ఇవి రెండూ ఎక్కువ, దాక్కున్న జబ్బు చికిత్స మధ్యలో లేవొచ్చు. ఇమ్యూనోథెరపీ నడుస్తున్న మనిషికి రోజుకు నాలుగైదుసార్లు విరేచనాలైతే అది తిన్నది పడకపోవడం కాకపోవచ్చు, టీ-కణాలు పేగుల మీద పడి ఉండొచ్చు. ఆయాసం, దగ్గు, కామెర్లు, విపరీతమైన నీరసం, ఛాతీ నొప్పి, ఏదైనా అంతే, చివరి డోసు తర్వాత నెలలకు కూడా రావొచ్చు. డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ వాడేవాళ్లలో చాలామందికి జ్వరం వస్తుంది, ఊళ్లో టైఫాయిడ్ అనుకుని యాంటీబయాటిక్ సెలైన్లు ఎక్కించేస్తారు, ఆ మందు ఇచ్చిన డాక్టర్‌కు ఫోన్ చేస్తే ముందు మాత్రలు ఆపమంటారు. రాత్రిపూట అనంతపురంలోనో ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో క్యాజువాలిటీకి తీసుకుపోతే అక్కడున్న డాక్టర్‌కు ఈ మందుల సంగతి తెలియకపోవచ్చు. అందుకే మందు పేరు, చివరి డోసు తేదీ, మీ ఆంకాలజిస్టు ఫోన్ నంబరు, "ఇమ్యూనోథెరపీ నడుస్తోంది, స్టెరాయిడ్ అవసరం కావచ్చు" అన్న మాట ఒక కాగితం మీద రాయించుకుని ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి, ఇంట్లో ఉండే ఆడవాళ్లకు కూడా అది ఎక్కడుందో చెప్పి ఉంచండి.